ఎవరికీ చెప్పకూడని ఆల్బం

2079 నాటికి అనంతపురంలో పాట వెతుక్కునే మనిషి లేడు. ఇంటి గోడలే పాడేవి. దోసె పోస్తుంటే ఒక వరస, తిరగేస్తుంటే ఇంకో వరస. అత్తగారు అలిగిన రోజు ఒకటి, అలక తీరిన రోజు మరొకటి. మనిషి నాడి చూసి యంత్రం అప్పటికప్పుడు అల్లే ఆ సంగీతాన్ని 'గోడపాట' అనేవారు. ఒకసారి వినిపించింది మళ్లీ వినిపించదు కాబట్టి ఎవరికీ ఏ పాటా గుర్తుండేది కాదు. గుర్తు పెట్టుకునే బాధ తప్పింది కదా అని జనం కూడా హాయిగా ఉన్నారు.

మనుషులు చేసిన పాటలు మాత్రం బుక్కరాయసముద్రం దారిలో, సౌరఫలకాల నడుమ, భూమిలోకి ఆరంతస్తులు దిగిన ధ్వని భాండాగారంలో ఉండేవి. అందులో స్వతంత్ర సంగీత విభాగానికి అధిపతి ఉరుకుందమ్మ. యాభై ఆరేళ్ల శాస్త్రవేత్త. స్వతంత్ర సంగీతం అంటే ఏ కంపెనీ అండా లేకుండా, ఎవరి తంటాలు వాళ్లు పడి, ఇంట్లోనో షెడ్డులోనో చేసుకున్న ఆల్బంలు. మంచివి చాలా ఉండేవి. విన్నవాళ్లే ఉండేవారు కాదు.

భాండాగారానికి ఒక చట్టం ఉంది. ఆల్బం చేరిన ముప్పై ఏళ్లలోపు ఒక్క మనిషైనా దాన్ని మొదటినుంచి చివరిదాకా వినాలి. లేదంటే చెరిపేస్తారు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఉరుకుందమ్మ ఆ చెరిపివేతల జాబితా చూసింది. నాలుగు వేల పేర్లు, ప్రతి పేరు ఎదురుగా 'విన్నవారు: సున్నా'. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు. దుఃఖం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. తన చేతి మీదుగా ఒక్కటి కూడా వినకుండా పోకూడదని అప్పుడే పట్టు పట్టింది.

2049లో చేరిన తెలుగు ఆల్బంలలో పదకొండు వేల నాలుగు వందల ఆరింటికి ఈ మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదుతో గడువు తీరుతుంది. జనవరి మొదటికి వాటిలో ఒక్కటీ ఎవరూ విని ఉండలేదు.

వినకుండానే విన్నామనడానికి వీల్లేదు. చిక్కుడు గింజంత 'శ్రవణసాక్షి' అనే పరికరాన్ని చెవి వెనక అంటించుకోవాలి. అది శ్రవణనాడిని చదివి, మనసు పాట మీద ఉన్నంతసేపు ఆకుపచ్చగా వెలుగుతుంది. మనసు పది సెకన్లు పక్కకు పోయిందా, ఎర్రబడుతుంది. ఆల్బం మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని కనిపెట్టింది ఉరుకుందమ్మతో పాతికేళ్లుగా పనిచేస్తున్న మస్తాన్ వలీ. ఆయన మాత్రం తన పరికరాన్ని ఏనాడూ చెవికి పెట్టుకోలేదు. సాక్షిని నడిపే అధికారి పని గంటల్లో తానే వినకూడదని నియమం. ఆ నియమం ఆయనకు బాగా కలిసొచ్చింది.

ఏ ఆల్బం ఎవరికి నప్పుతుందో చూసే యంత్రం ఇంకొకటి ఉంది. కాగితాల మీద దాని పేరు 'శ్రవ్యసంధాయిని'. సంబంధాలు కుదిర్చే యంత్రం కనుక ఆఫీసులో అందరూ 'పేరయ్య' అనేవారు. ఎనిమిదేళ్లుగా ఉరుకుందమ్మే దానికి గురువు. రోజూ ఉదయం ఒక ఆల్బం వినిపించి, "మేడమ్, ఇది ఎవరికి బాగుంటుంది?" అని అది అడిగేది. ఆమె శ్రద్ధగా విని, కారణాలతో సహా చెప్పేది. దానికి కాస్తో కూస్తో బుద్ధి వచ్చిందంటే తన చలవేనని ఆమె నమ్మకం.

జనవరిలో పేరయ్య పని మొదలుపెట్టాడు. చీరాల మగ్గాల చప్పుడుతో అల్లిన ఎలక్ట్రానిక్ ఆల్బం కోవెలకుంట్లలో ఒక దర్జీకి. గాజువాక క్రేన్ ఆపరేటర్ గిటార్లు అరిపిస్తూ పాడిన లాలిపాటలు ఆదిలాబాద్‌లో ఒక నర్సుకు. బందరు పళ్ల డాక్టరు హార్మోనియం మీద వానను పట్టుకుందామని చూసిన నలభై నిమిషాలు తిరువూరులో ఒక పోస్టుమాస్టరుకు. 'ఇది మీ కోసమే' అని ప్రతి దానికీ ఒక ముక్క, ఒక సాక్షి జతచేసి పంపాడు. ఒక్కరూ రెండో నిమిషం దాటలేదు.

"జోడు తప్పిందా?" అని ఉరుకుందమ్మ వలీని అడిగింది.

"జోడు బాగనే కుదిరిందక్కా. నాడి చూస్తే అందరికీ నచ్చినట్లే ఉండాది. నచ్చినా ఆపేస్తాండారు."

ఆమెకు అంతు పట్టలేదు. తానే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. గుత్తిలో ఒక రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్ దొరికాడు. "నాకేం బాగుంటాదో నాకు తెలీదామ్మా? ఇంగొకరు చెప్పల్నా?" అని ఆయన పెట్టేశాడు. అలాంటివే ఇంకో నలభై విన్నాక ఆమె ఫోన్ పక్కన పడేసింది. ఫిబ్రవరి సగం అయిపోయింది. లెక్క సున్నా దగ్గరే ఉంది.

అప్పుడు ఒక చిన్న పొరపాటు జరిగింది. అది పొరపాటేనని అప్పటికి ఆమె అనుకుంది. డోన్‌లో ఒక లారీ మెకానిక్ ఎయిర్ బ్రేకుల బుసల మీద కట్టిన జాజ్ ఆల్బం ఒకటుంది. దానికి జోడు తేలక పేరయ్య ఆ గుత్తి పెద్దమనిషికే ఒక ప్రశ్న పంపాడు: 'అయ్యా, ఇది ఎవరికి బాగుంటుందో మీరు చెప్పగలరా?' ఆయన యాభై నిమిషాలూ విన్నాడు. అనుమానం తీరక రెండోసారి కూడా విన్నాడు. వియ్యంకుడికి మూడో పాట, తమ్ముడి కొడుక్కి ఐదో పాట, ఎదురింటి లెక్చరరుకు అసలు వినిపించవద్దు అంటూ నాలుగు పేజీలు రాసి పంపాడు. సాక్షి ఒక్క క్షణం కూడా ఎర్రబడలేదు.

ఉరుకుందమ్మ ఆ నాలుగు పేజీలూ చదివి చాలాసేపు నవ్వింది.

"చూసినావా వలీ? సలహా తీసుకునేకి ఒక్కరూ లేరు. ఇచ్చేకి ఊరంతా ఉండారు."

"ఇది మోసం కాదాక్కా?"

"వినమంటే వినరు. తీర్పు చెప్పమంటే చెవులు రిక్కించుకోని వింటారు. ఎట్ల విన్నా విన్నట్లే కదా. అందరికీ అదే ప్రశ్న పంపమను."

పంపారు. ఆ తర్వాత ఐదు వారాలు భాండాగారం పెళ్లివారి ఇల్లే అయింది. మగ్గాల ఆల్బం ఎవరికి ఇవ్వాలో చెప్పడానికి దర్జీ కొట్టు మూసుకుని కూర్చున్నాడు. లాలిపాటలు తోడికోడలికి వినిపించాలని నర్సు, వినిపించకూడదని ఆమె భర్త వాదించుకుని, ఇద్దరూ చెరో రెండుసార్లు విన్నారు. మార్చి ఇరవై తొమ్మిదికి పదకొండు వేల నాలుగు వందల ఐదు ఆల్బంలు గట్టెక్కాయి.

"ఇంగో మాట అక్కా," అన్నాడు వలీ. "చెప్పినోళ్లంతా విన్యారు. వాళ్లు ఎవరికైతే చెప్పినారో, వాళ్లలో ఒక్కరూ వినలే."

"పోనీలేప్పా," అంది ఉరుకుందమ్మ. ఇక ఒక్కటే మిగిలింది. ఆమె దృష్టంతా దాని మీదే ఉంది.

ఆదోనిలో ఒక ఇంటి మెట్ల గదిలో పాడిన ఆల్బం అది. తొమ్మిది పాటలు, నలభై ఒక్క నిమిషాలు. చేసిన మనిషి పేరు లేదు, ఆడమనిషి అని మాత్రం ఉంది. పేరయ్య దాన్ని పక్కన పెట్టడానికి కారణం ఆల్బంతో పాటు వచ్చిన పత్రం అడుగున ఉంది: 'ఈ ఆల్బంను ఎవరికీ సిఫారసు చేయకూడదు. ఎవరికి ఇవ్వాలో అడగకూడదు. వినేవాళ్లు తమ కోసం తాము వినాలి.'

"ముప్పై ఏండ్ల నాటి మాట," అన్నాడు వలీ. "ఎవరికో ఒకరికి పంపేద్దాం. ఎవరికి తెలుస్తాది?"

"ఆయమ్మ అడిగింది అదొక్కటే వలీ. అది కూడా నిలబెట్టకపోతే మనమెందుకు? నేనే వింటా."

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆమె సాక్షిని అంటించుకుని కూర్చుంది. చిన్న తంబుర శ్రుతి, దాని మీద ఒక గొంతు. బాగుంది. రెండో నిమిషంలో సాక్షి ఎర్రబడింది. ఆమె మనసు రేపు రాయాల్సిన నివేదిక మీదికి పోయింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నాలుగో నిమిషం. తర్వాత మూడు. ఎవరికీ చెప్పనక్కర్లేని పాటను ఎందుకు వినాలో ఆమె మనసుకు అర్థం కావడం లేదు. నాలుగయ్యేసరికి పన్నెండుసార్లు ఓడిపోయింది. సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది.

"పేరయ్యా, నాకేమయింది? ఎనిమిదేళ్లు రోజుకొకటి విన్నాను కదా?"

"మొదట్లో నాలుగు రోజులు 'ఇది మీ కోసమే' అని వినిపించాను మేడమ్. మీరు రెండో నిమిషంలో ఆపేశారు. ఐదో రోజు 'ఇది ఎవరికి బాగుంటుంది' అని అడిగాను. చివరిదాకా విన్నారు. అప్పటినుంచి అలాగే అడుగుతున్నాను."

"అంటే నా జవాబులు?"

"ఆ జోడింపులు నాకు ముందే తెలుసు. డోన్ ఆల్బంకు కూడా తెలుసు. మీరు వినాలని అడిగాను. గుత్తి ఆయన్ను అడగడం మీ దగ్గర నేర్చుకున్నదే."

ఉరుకుందమ్మకు గట్టిగా దెబ్బ తగిలింది. గురువునని మురిసిపోయిన రెండు వేల తొమ్మిది వందల ఉదయాలు ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. ఆ గుత్తి పెద్దమనిషిని చూసి తాను నవ్విన నవ్వు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. వలీ బాధగా చూస్తూ, "లే అక్కా. ఒక్కటి పోతే పోయింది," అన్నాడు.

"పోనీ," అంటూ ఆమె లేవబోయింది. మళ్లీ కూర్చుంది. "నాలుగూ ఏడయింది. ఇంగా యాభై మూడు నిమిషాలుండాయి, నలభై ఒకటి చాలు. పెట్టు."

పదమూడోసారి. ఈసారి పాటలో ఏం బాగుందో వెతకలేదు, ఏం బాగాలేదో కూడా వెతకలేదు. ఆరో పాటలో ఆ గొంతు ఒకచోట తప్పింది. పాడే మనిషి ఆగి, దగ్గి, నీళ్లు తాగి, తనలో తాను నవ్వుకుని మొదటినుంచి అందుకుంది. ఆ మెట్ల గదిలో ఆమె ముందు ఎవరూ లేరని, ఉండాలని ఆమె కోరుకోనూ లేదని ఉరుకుందమ్మకు తెలిసిపోయింది. ఆ తర్వాత టైమెంతయిందో ఆమె చూడలేదు. నాలుగూ నలభై ఎనిమిదికి సాక్షి ఒకసారి కూసింది. చివరిదాకా ఆకుపచ్చే. తెరమీద 'విన్నవారు: ఒకటి' అని పడింది.

వలీ పరుగున వచ్చాడు. "గెలిచినావక్కా. ఎట్లుంది?"

ఉరుకుందమ్మ నోరు తెరిచింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆరో పాట, ఆ దగ్గు, తొమ్మిదో పాటలో తంబుర కూడా ఆపేసి పాడిన ఆ నాలుగు చరణాలు. ఎనిమిదేళ్లలో ఇలాంటిది వినలేదని చెప్పాలి. వలీకి చెప్పాలి, ఊరికంతా చెప్పాలి. ఆమె రెండు పెదవులూ బిగపట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"విన్నా," అంది.

"అది నాకూ తెలుస్తాండాది. ఎట్లుందని అడుగుతాండా."

"చెప్పకూడదు వలీ."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

వలీ ఆమె ముఖంలోకి చూశాడు. పాతికేళ్లలో ఆమె చెప్పిన ఆల్బంలు వెయ్యికి తక్కువ ఉండవు. ప్రతిసారీ 'అట్లనే అక్కా, ఆదివారం వింటా' అన్నాడు. ఒక్కటీ వినలేదు. ఈసారి ఆమె ఏమీ చెప్పడం లేదు. ఎంతసేపు చూసినా చెప్పేలా లేదు. ఆయన ఉండబట్టలేకపోయాడు. ఐదు కొట్టిందాకా గదిలో అటూ ఇటూ తిరిగి, కొట్టగానే చెయ్యి చాచాడు.

"ఆ సాక్షి ఇట్ల ఇయ్యి అక్కా."

పేరయ్య గొంతు వినిపించింది. "మేడమ్, ఇది సిఫారసు కిందికి వస్తుందా?"

"నేనేమన్నా చెప్పినానా?"

"లేదు."

"మరి ఊరుకో."

వలీ సాక్షిని చెవి వెనక అంటించుకుని, ఆమె లేచిన కుర్చీలోనే కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. నలభై ఒక్క నిమిషాలు ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు.