కాలీఫ్లవర్ పెరోగీలు

ఆదివారం పొద్దున్నే ఓల్హా వంటింట్లోంచి వెన్నలో ఉల్లిపాయలు వేగే వాసన రావాలి. డాఫిన్ అనే ఆ చిన్న ఊళ్లో వీధి మొత్తానికి అది అలవాటే. ఇప్పుడు రెండు వారాలుగా ఉడికిన కాలీఫ్లవర్ కంపు మలుపుదాకా వస్తోంది. డెబ్బై దాటిన ఓల్హా గోధుమపిండి, వెన్న, ఆలుగడ్డలు అన్నీ పక్కింటావిడకు ఇచ్చేసింది. చర్చిలో ఫాదర్ చెప్పినా సగమే నమ్మే మనిషి, ఫోను వీడియోలో తెల్లకోటువాడు చెప్పింది మాత్రం పొల్లు పోకుండా పాటిస్తోంది.

మనవరాలు కలీనాకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉందని ఐదో ఏటే తేలింది. ఆలుగడ్డ, చీజు కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి పెరోగీలు ఎనిమిది, పక్కన ఎడంగా పుల్లని మీగడ, ఇదీ ఆ పిల్ల ఆదివారం. ఇవాళ పళ్లెంలోకి చూసి, దాన్ని ఒక్క వేలితో దూరంగా నెట్టి, బల్లకింద దూరింది.

“ఏంటమ్మా ఇది?” అంది ఓల్హా కూతురు, పిల్ల తల్లి లరీసా.

“కాలీఫ్లవర్ పెరోగీలు. మందనుకో.”

“ఎలుకలకా?”

“నవ్వు, నవ్వు! ముప్పై రోజులు గోధుమా, పాలూ, ఆలుగడ్డా మానిపిస్తే పిల్ల మారిపోతుందిట. డాక్టరే చెప్పాడు.”

“డాక్టరని నీకెవరు చెప్పారు?”

“తెల్లకోటు వేసుకున్నాడుగా!”

“మాంసం కొట్టు బోడాన్ కూడా తెల్లకోటే వేసుకుంటాడు. వెళ్లి పన్ను పీకించుకో!”

“ఇరవై లక్షలమంది చూశారే ఆ వీడియో!”

“అయితే ఇరవై లక్షల ఇళ్లలో ఇదే కంపన్నమాట.” లరీసా నవ్వబోయి ఆగిపోయింది. “పోయిన ఆదివారం కూడా పిల్ల పస్తే ఉంది. ఇంక దాన్ని ఇక్కడికి తీసుకురాను.”

ఓల్హా చేతిలో గరిటె సింకులో పడింది. భర్త పోయాక ఆమెకు వారంలో మిగిలింది ఈ ఒక్కరోజే.

“పద్దెనిమిది,” అంది బల్లకింద కలీనా.

“ఏంటమ్మా పద్దెనిమిది?” అంది లరీసా.

“అమ్మమ్మ పంపిన వీడియోలు. అన్నీ చూశాను. పదకొండు వీడియోల చివర పొడి అమ్ముతున్నారు. నాలుగు వీడియోల్లో ఏడ్చే పిల్లాడు ఒక్కడే, పేర్లే వేరు. ఆటిజం ఉన్నమ్మాయి మాట్లాడింది ఒక్కదాంట్లోనే. దానికింద అమ్మమ్మ ‘ఈ పిల్ల బాగానే ఉందిగా’ అని రాసింది.”

లరీసా పకపకా నవ్వింది. ఓల్హా నవ్వలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేలమీద కూలబడి, బల్లకిందికి వంగింది.

“పొడులు నాకెందుకే బంగారం? ముప్పై రోజుల్లో పిల్ల కళ్లలోకి చూస్తుందన్నాడు వాడు. తొమ్మిదేళ్లొచ్చాయి నీకు. ఒక్కసారి నా మొహంకేసి చూశావా? నేనంటే ఇష్టం లేదేమోనని...”

కలీనా బల్లకిందే కాస్త ముందుకు జరిగింది.

“కళ్లు చూస్తే మాటలు వినబడవు. అందుకే నీ చేతులు చూస్తాను. ఒక్కో పెరోగీ అంచుకి పదిహేడు నొక్కులు నొక్కుతావు. తాతయ్య పోయినప్పుడు పన్నెండే నొక్కావు. చాలా ఆదివారాలు పన్నెండే.”

లరీసా తల్లికేసి చూసింది. ఆ రోజుల్లో అడిగినవాళ్లందరికీ తాను బాగానే ఉన్నానని ఓల్హా చెప్పింది. అందరూ నమ్మారు, కన్నకూతురుతో సహా.

“మరి ఈ కాలీఫ్లవర్‌వి ఎన్నే?” అడిగింది ఓల్హా ముక్కు ఎగబీలుస్తూ.

“లెక్క కుదరదు. విరిగిపోతున్నాయి.”

“అందుకే తినలేదా?”

“కాదు. అస్సలు బాగాలేవు.”

ఓల్హాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. వాటిని ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

“ఏడుస్తున్నానే కలీనా. నా మొహం చూడకపోయినా తెలుస్తోందా?”

“తెలుస్తోంది. వేళ్లు వణుకుతున్నాయి,” అంది కలీనా, ఆ చేతులనే చూస్తూ.