కాంటా గది దిగుడు

పాన్‌గల్ అవతల గుట్ట దిగంగనే, లారీలు తూకమేసే పాత కాంటా గది ఒకటి ఉన్నది. కంకర మిషన్ మూతపడ్డంక దాని తలుపులు గిట్ల ఎవరో పీక్కపోయిండ్రు. చీకటి పడితే అటుదిక్కు ఒంటిగ ఎవరూ పోరు. ఆడికి రాంగనే మోటర్‌సైకిల్ బ్రేకు పోతదంటరు. లివర్ పిసికితే చేతిల ఏమీ తగలదంట... కిందికి పోయినంక మళ్ళ మంచిగ పడుతదంట.

రెండేండ్ల కింద సల్మాన్ ఆడనే బండి మీంచి పడి పోయిండు. ఇరవై నాలుగేండ్లు. బ్రేకు పడకుంట చేసేది వాడే — అని ఊర్ల గుసగుస.

సల్మాన్ అక్క మెహరున్నిసా. ఆమె భర్త యూనుస్ బస్టాండ్ పక్కన బండ్లు బాగుచేస్తడు. బామ్మర్ది పోయిన కాణ్ణుంచి ఆ దిగుడు మొఖం చూడలే.

పల్లికాయ పీకే దినాలల్ల ఒక సాయంత్రం, రోజు ఆ తొవ్వ పోయే సుదర్శన్ బండి నూక్కుంట వచ్చిండు. మోచెయ్యి తోలు లేచిపోయింది.

"యూనుస్ భాయ్... నీ బామ్మర్ది నన్ను గుడ తీస్కపోతుండె," అన్నడు మెల్లగ.

యూనుస్ బండి స్టాండ్ ఏసిండు. చక్రం విప్పి చూసిండు. బ్రేకు ప్యాడ్లు బాగున్నయి. బ్రేక్ ఆయిల్ ఏడ కారుతలేదు. లివర్ పిసికితే గట్టిగనే ఉన్నది. బండి మంచిగున్నదని అప్పజెప్తే, రేపు ఈ మనిషి మళ్ళ అదే దిగుడు దిగాలె.

రాత్రి ఇషా నమాజ్ అయినంక యూనుస్ ఆ బండే తీసిండు.

గుట్ట మీదికెళ్ళి చూస్తే కింద కాంటా గది నల్లగ కనబడ్డది. వేళ్ళు వాటంతటవే లివర్ మీద బిగిసినయి. సగం దిగేదాంక బ్రేకు పడుతనే ఉన్నది. పట్టిన చెయ్యి వదలలే.

మలుపు కాడ... లివర్ మెత్తగయింది.

మళ్ళ పిసికిండు — లివర్ పోయి హ్యాండిల్‌కు తాకింది. బండి ఉరుకుతున్నది. కాలి బ్రేకు తొక్కి, గేర్లు తగ్గించి, పక్కన కంకర కుప్పలకు తోలిండు. బండి ఒరిగింది. లైట్ ఆరింది.

చీకట్ల ఏదో... టిక్... టిక్...

"సల్మాన్," అన్నడు. "నువ్వేనా రా?"

టిక్... టిక్...

గది దిక్కు నుంచి కాదు. చక్రం కాణ్ణుంచి. చెయ్యి పెడితే బ్రేకు డిస్కు చురుక్కుమన్నది — కాలిన ఇనుము చల్లారుతున్నది.

ఆడనే కూసున్నడు. చల్లారినంక లివర్ పిసికిండు. గట్టిగ ఉన్నది, దుకాణంల ఉన్నట్టే.

పొద్దున బ్రేక్ ఆయిల్ తీస్తే డికాషన్ లెక్క నల్లగ వచ్చింది. ఏండ్లకేండ్లు మార్చకుంటే దాంట్ల నీళ్ళు చేరుతయి. వేడెక్కితే బుడగలు లేస్తయి, బుడగలను పిసికితే బ్రేకు పడదు. దెయ్యానికి భయపడి అందరు గుట్ట మీది నుంచే బ్రేకు పట్టుకోని దిగుతుండ్రు. ఆ పట్టుడే కాగబెడుతున్నది.

కొత్త ఆయిల్ పోసి, బ్రేకు గొట్టంల గాలి తీసి, సుదర్శన్‌కు ఇచ్చిండు.

"రెండో గేర్ల దిగు. బ్రేకు పట్టి వదులు, పట్టి వదులు."

చీకటి పడ్డంక సుదర్శన్ ఫోన్ చేసిండు. "మలుపు కాడ బండి ఆగింది భాయ్."

ఆ రాత్రి మెహరున్నిసాకు అంత చెప్పిండు. "ఆడ దెయ్యం లేదు. పాత ఆయిలే."

ఆమె బట్టలు మడుస్తుండె.

"మారిస్తే ఆగుతదా?"

"ఆగుతది."

"పోయే ముందు వారం సల్మాన్ బండి నీ దుకాణంలనే కద ఉండె?"

అప్పుడు ఆ బండికి చైన్ బిగించి, కడిగి, యూనుసే ఇచ్చిండు.

"బ్రేక్ ఆయిల్ మూత... విప్పి చూడలే," అన్నడు.

ఆమె చేతిల మడత ఆగింది.