చలిలో తెరుచుకున్న కప్పు

"నా మొక్కల్ని ఎవరో చంపేస్తున్నారండీ," అంది సత్యభామ, కుర్చీలో ఇంకా సరిగా కూర్చోకుండానే.

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో ఒక బేకరీ పై గదిలో ఉంటుంది ప్రైవేట్ డిటెక్టివ్ ఉదయలక్ష్మి ఆఫీసు. ఆమె సహాయకుడు భార్గవ్ బ్యాంకు ఉద్యోగం వదులుకుని మరీ ఈ పనిలోకి వచ్చాడు. మొక్కల హత్య అనగానే అతనికి నవ్వొచ్చింది. కానీ వచ్చినావిడ మొహం చూసి నవ్వు మింగేశాడు.

ఊరు దాటాక సత్యభామకు కరివేపాకు నర్సరీ ఉంది. మెల్‌బోర్న్ చలికాలాన్ని లేత కరివేప తట్టుకోలేదు. అందుకని మొక్కలన్నీ హీటర్లు పెట్టిన పాలీహౌస్‌లో పెరుగుతాయి. లోపల వేడెక్కువైతే పైకప్పు కిటికీలు వాటంతటవే తెరుచుకునేలా ఒక కంట్రోలర్ ఉంది. ఈ జులైలో ఆ కిటికీలు మంచు పడే వేళ, తెల్లవారుతుండగా తెరుచుకుంటున్నాయి. వరసలకు వరసలు మొక్కలు నల్లబడిపోయాయి.

"కంట్రోలర్ చెడిపోయిందేమో?" అంది ఉదయలక్ష్మి.

"కొత్తది పెట్టించాను. మళ్లీ అదే తంతు. ఇది కిట్టు పనేనండీ. నా దగ్గర పనిచేస్తాడు. చెల్లెలి పెళ్లికి లీవ్ అడిగాడు. వింటర్‌లో కుదరదన్నాను. అప్పటినుంచే మొదలైంది. ఫ్రైడే తీసేద్దామనుకుంటున్నాను."

"తీసేస్తే అతనేం చేస్తాడు?"

సత్యభామ కళ్లు దించుకుంది. "వాడి వీసాకి స్పాన్సర్ నేనే. ఈ ఉద్యోగం పోతే దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు. ఒకవేళ తప్పు చేస్తున్నానేమోనని భయమేసి మీ దగ్గరకొచ్చాను."

"కిటికీలు తెరుచుకోని రోజులేమైనా ఉన్నాయా?"

"ఒక వారం. నేను పాలీహౌస్‌లోనే మంచం వేసుకుని పడుకున్నాను. అందుకే జడిసి ఊరుకున్నాడు."

"ఆ వారం ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేను, మావారు, మా అమ్మాయి అపూర్వ. మా బావగారు సిడ్నీలో కూతురింటికెళ్లారు."

ఉదయలక్ష్మి తలూపింది, అంతే. ఆమె అలా తలూపిందంటే ఏదో పట్టుకుందని భార్గవ్‌కు అనుభవం. అదేమిటో ఆమె చెప్పదు, అతను అడగడు.

మర్నాడు తెల్లవారేసరికి ఇద్దరూ నర్సరీలో ఉన్నారు. కిట్టు బీనీ టోపీ చెవుల కిందికి లాక్కుని నిలబడ్డాడు. ముప్పై లోపు మనిషి. ఫోన్‌తో కిటికీలు తెరుస్తున్నాడన్న అనుమానానికి తావు లేకుండా ఉదయలక్ష్మి అతని ఫోన్ అడిగి తీసుకుని తన కోటు జేబులో వేసుకుంది.

"నాకేం తెల్వది మేడమ్," అన్నాడు. "గీ మొక్కలన్నీ నేను నాటినయే. నా చేతులతోని నేనే ఎట్ల సంపుకుంట?"

అతను మాట ముగించకముందే నెత్తిమీద మోటారు మూలిగింది. కిటికీలు జానెడు తెరుచుకుని ఆగాయి, కొంచెం మూసుకోబోయాయి, మళ్లీ తెరుచుకున్నాయి. ఎటూ తేల్చుకోలేని మనిషిలా ఉంది వాటి వాలకం. భార్గవ్ నోట్లోంచి ఆవిరి వస్తోంది. కానీ కంట్రోలర్ మీద అంకె నలభై దాటింది.

"మేడమ్, ఇక్కడ వేడెక్కడుంది?"

"లేదు. ఉందని ఎవరో దాన్ని నమ్మిస్తున్నారు," అంటూ ఉదయలక్ష్మి మెడ ఎత్తి కప్పు పొడవునా వేలాడుతున్న సన్నటి తీగను చూసింది. లోపలి వేడిని కొలిచే సెన్సర్ తీగ అది.

కాఫీకని ఇంట్లోకి వెళ్తే, స్కూలు యూనిఫాంలో ఉన్న అపూర్వ ఎలక్ట్రిక్ కీబోర్డు ముందు చిరాగ్గా కూర్చుని ఉంది.

"మమ్, ద డక్ ఈజ్ బ్యాక్!"

"స్పీకర్‌లోంచి బాతు అరుస్తుందంటుందండీ, పొద్దున్నే ప్రాక్టీస్‌కి కూర్చున్నప్పుడల్లా," అంది సత్యభామ. "ఎగ్గొట్టడానికి సాకు."

ఉదయలక్ష్మి చెవి స్పీకర్‌కు ఆనించింది. బాతు కొంచెం అరిచింది, ఆగింది, ఎవరి మాటో వింటున్నట్టు ఊరుకుంది, మళ్లీ అందుకుంది.

పాలీహౌస్‌ను ఆనుకుని ఒక షెడ్డు ఉంది. అందులో సత్యభామ బావగారు జనార్దనరావు కనిపించాడు. టెలికామ్ ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. బల్ల మీద లైసెన్సు లేకుండా ఎవరైనా మాట్లాడుకోగల సీబీ రేడియో, దాని పక్కన రెక్కల్లాంటి అల్యూమినియం చట్రం ఉన్న పెట్టె.

"కాలక్షేపం సెట్టమ్మా," అన్నాడాయన. "రూలు ప్రకారం పన్నెండు వాట్లు దాటకూడదు. దీని మాట ఎంతో దూరం పోదు."

భార్గవ్ చలికి కొంకర్లు పోయిన చేతిని పెట్టె మీద ఆనించాడు. వెచ్చగా తగిలింది. బల్ల కింద, చాలా దూరాలకు మాట్లాడే ఒక పాత హామ్ రేడియో డొల్ల పడి ఉంది.

"దీని లోపలి సామానేదండీ?" అంది ఉదయలక్ష్మి.

"టిప్ షాపులో, పారేసిన సామాన్లమ్మే చోట కొన్నది. పాడైపోతే తీసేశాను." ఆ మాటంటూనే ఆయన పెట్టె మీద తువ్వాలు కప్పాడు.

మధ్యాహ్నం ఉదయలక్ష్మి అందరినీ పాలీహౌస్‌లోకి పిలిచింది. సత్యభామ ఒక పక్క, కిట్టు ఆమెకు ఎడంగా, జనార్దనరావు తలుపు దగ్గర నిలబడ్డారు.

"కిటికీలు తెరిచింది కంట్రోలరే. దానికి అబద్ధం చెప్పింది ఈ తీగ. ఇంత పొడుగు తీగ యాంటెన్నాలా పనిచేస్తుంది. పక్కనే గట్టి రేడియో మాట్లాడితే ఆ బలాన్ని పట్టుకుని, వేడి అని కంట్రోలర్‌కి చెబుతుంది. అపూర్వ కీబోర్డుదీ ఇదే జబ్బు. కొన్ని రేడియో మాటలు మామూలు స్పీకర్‌లో పడితే బాతు అరుపులా ఉంటాయి. మాట్లాడినప్పుడు తెరుచుకోవడం, అవతలివాళ్ల మాట వినేటప్పుడు మూసుకోవడం. ఆ వారం ఆగింది మీరిక్కడ పడుకున్నందుకు కాదు సత్యభామగారూ, మాట్లాడే మనిషి సిడ్నీలో ఉన్నందుకు."

ఎవరూ తల తిప్పలేదు, కానీ అందరికీ అర్థమైంది.

"ఉత్త సీబీకి అంత సత్తువ లేదు. పాత సెట్టులోంచి బలం పెంచే ఆంప్లిఫయర్ భాగం తీసి దానికి తగిలించారు. జనార్దనరావుగారూ, ఒకసారి పెట్టె లేకుండా, ఒకసారి పెట్టెతో మాట్లాడి చూపిస్తారా?"

ఆయన షెడ్డులోకి వెళ్లాడు. అక్కణ్నుంచి గొంతు వినిపించింది, కిటికీలు కదల్లేదు. కాసేపటికి మళ్లీ గొంతు వినిపించింది. ఈసారి మోటారు మూలిగి, చల్లగాలి వాళ్ల నెత్తిన పడింది.

ఆయన తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది.

"కీత్ అని నా ఫ్రెండమ్మా. గిప్స్‌ల్యాండ్ కొండల్లో ఒక్కడే ఉంటాడు. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. రోజూ పొద్దున్నే రేడియోలో పలకరించుకుంటాం. ఈ మధ్య సోలార్ పెట్టించుకున్నాడు. దాని ఇన్వర్టర్ వల్ల అతని రేడియోలో వచ్చే రొదలో నా మాట మునిగిపోయింది. 'జాన్, ఆర్ యూ దేర్, మేట్?' అని నన్ను పిలుస్తూనే ఉంటాడు. ఇక్కడ నేను ఉన్నాను, ఉన్నాను అంటూనే ఉంటాను. అతనికి వినపడదు. నేను పోయాననుకుంటాడేమోనని ఇది తగిలించాను. తప్పని తెలుసు."

"కిటికీల సంగతి?" అంది ఉదయలక్ష్మి.

"పొద్దున మీరు ఆ డొల్ల గురించి అడిగినప్పుడు తెలిసింది. కిట్టుని పంపేస్తున్నారనీ తెలుసు. అయినా నోరు పెగల్లేదు."

సత్యభామ కిట్టు దగ్గరకు వెళ్లింది. "పెళ్లికి వెళ్లు కిట్టూ. ఈ వారమే వెళ్లు," అంది.

"పెండ్లి పోయిన వారమే అయిపోయిందక్కా," అన్నాడు కిట్టు. "వీడియోల జూసిన."

ఇందరి నేరాలు బయటపెట్టిన ఉదయలక్ష్మి కూడా అప్పుడు తల వంచుకోవడం భార్గవ్ చూశాడు.

"ఆ ఇన్వర్టర్ రొద ఆపే దారే లేదా బావగారూ?" అని సత్యభామ అడిగింది.

"అతనింట్లో ఒక ఫిల్టర్ బిగిస్తే చాలు. నేను డ్రైవింగ్ మానేశాను కదా. మీరంతా పనుల్లో ఉంటారు. అడగలేకపోయాను."

"రేపు పొద్దున్నే బయల్దేరదాం. నేనే తీసుకెళ్తాను. ముందు ఆ పెట్టె తీసేయండి."

షెడ్డులో ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. చూపు ఆనక అది మాటిమాటికీ జారిపోతోంది. వెనకే వచ్చిన కిట్టు, "ఇటియ్యుండ్రి పెద్దసార్," అని దాన్ని అందుకున్నాడు. స్క్రూలు ఒక్కొక్కటే విప్పాడు. ఇంకా వెచ్చగా ఉన్న పెట్టెను తీసి నేలమీద పెట్టాడు. అప్పుడు మాత్రమే గుమ్మంలో నిలబడ్డ సత్యభామ వైపు తిరిగాడు.

"సెల్లెను అత్తగారింట్ల సూసి రావాలె. ఎన్ని రోజులిస్తవక్కా?"

"నువ్వే చెప్పు," అంది సత్యభామ.