కట్టేసిన చెయ్యి

ఇలా దగ్గరికి జరుగు గుంటా. ఆ తెర ఆపేసి విను. నా మొహం చూసి జడుసుకోకు, కోపంగానే ఉన్నాను. నువ్వు బడిలో తొడుక్కునే వాటంతొడుగు ఉంది చూడు, అదెలా పుట్టిందో చెప్తాను.

అప్పటికి మనవాళ్లు అంగారకుడి మీదికొచ్చి నలభై ఏళ్లు. గాజు గుమ్మటం కింద ఊరు. బయటంతా ఎర్రదుమ్ము, ప్రాణం తీసే చలి. లోపల గాలి యంత్రం ఆడినంతసేపే ఊపిరి. ఆ యంత్రం వాల్వు బిగించడంలో పైడితల్లిని మించినవాళ్లు లేరు. కాకపోతే ఆవిడది పుర్రచెయ్యి. తిన్నా, రాసినా ఎడంచేత్తోనే.

చిన్నప్పుడు అన్నానికి కూర్చుంటే సొంత మేనత్తే ఆ ఎడంచెయ్యిని మొలకి గుడ్డతో కట్టేసేది. కుడిచేత్తో కలిపితే మెతుకులు ఒళ్లో పడేవి. బంతిలో అందరూ నవ్వేవాళ్లు. పేరంటంలో ఆ చేత్తో తాంబూలం అందిస్తే పుచ్చుకునేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఇన్ని కోట్ల మైళ్లు దాటొచ్చారే, ఆ గుడ్డముక్కని మాత్రం మూటగట్టి తెచ్చుకున్నారు!

పైడితల్లి ఏడవలేదు, చదివింది. వాటంతొడుగు చేసింది. సెన్సార్లు అల్లిన చేజోడు అది. పని తెలిసిన చెయ్యి అందులో దూరి పనిచేస్తే, ఆ కండరాల కదలికంతా దానికి గుర్తుండిపోతుంది. తరవాత ఎవరు తొడుక్కున్నా వాళ్ల చేత అదే పని చేయిస్తుంది. అందులో తన చేతి పనే నింపింది. "రేపు నేను పోయినా ఊరికి ఊపిరుంటుంది" అంది.

గుమ్మటం పెద్ద అప్పలసూరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటమ్మా ఇది, ఎడంచేతిది?"

"నా చెయ్యి అదే కదా బాబూ."

"మా పిల్లలందర్నీ పుర్రచేతోళ్లని చేస్తావేటి? కుడికి మార్చు."

"మారిస్తే పని చెడుతుంది."

"నీ పంతం నీది! అద్దంలో బొమ్మలా తిరగేస్తే సరిపోదా? మనోళ్లు ప్రోగ్రాం రాసేస్తార్లే."

రాసేశారు. ఆవిణ్ణి మళ్లీ అడిగితే ఒట్టు.

ఓ మధ్యాహ్నం అందరూ భోజనాల హాల్లో ఉండగా వాల్వు వదులైంది. అప్పలసూరి దర్జాగా కుడితొడుగు తొడుక్కుని వెళ్లాడు. చెయ్యి చకచకా ఆడింది. అయితే చేతిని తిరగేశారు గానీ, వాల్వుని తిరగెయ్యలేదు కదా! బిగించాల్సింది పోయి విప్పేస్తోంది. ఆపుదామంటే తొడుగు వదలదు. గాలి బుస్సున బయటికి పోతోంది. పిల్లల పెదాలు నల్లబడుతున్నాయి.

పైడితల్లి కంచం ముందునుంచి లేచి పరిగెత్తింది. అప్పలసూరిని ఒక్క తోపు తోసి, మెతుకులంటిన ఆ ఎడంచేత్తోనే వాల్వు బిగించింది.

"కట్టండ్రా ఇప్పుడు! ఈ చెయ్యి కట్టండి చూద్దాం!"

ఆ రోజుతో ఊరు మారిపోయింది. ఎడంచెయ్యి అమ్మవారి చెయ్యి అన్నారు. తాంబూలం ఎడంచేత్తో, తలంబ్రాలు ఎడంచేత్తో. పైడితల్లికే మొదటి వడ్డన. ఆవిడకీ కొన్నాళ్లు తియ్యగానే ఉంది.

ఏడాది తిరక్కుండానే ఓ పూట హాల్లో ఒక పిల్ల పులుసు ఒంటిమీద పోసుకుని ఏడుస్తోంది. చుట్టూ నవ్వులు. "ఎడంచేత్తో తినడం ఎప్పటికొస్తుందే మొద్దూ!" అని తల్లి కసురుతోంది. పైడితల్లి దగ్గరికెళ్లి చూసింది. ఆ పిల్ల కుడిచెయ్యి మొలకి గుడ్డతో కట్టేసి ఉంది.

"ఎవడు కట్టమన్నాడ్రా?"

"నేనే. నీ గౌరవం కోసమే కదమ్మా" అన్నాడు అప్పలసూరి.

"నా గౌరవమా! మీకు నచ్చింది నా చెయ్యి కాదురా. కట్టెయ్యడానికి ఏదో ఒక చెయ్యి కావాలి మీకు, అంతే!"

ముడి పళ్లతో పీకి, ఆ గుడ్డని అప్పలసూరి కంచంలోకి విసిరింది. పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుని, "ఏ చెయ్యి వస్తే ఆ చేత్తో తిను తల్లీ" అంది.

ఆ పిల్లని నేనే. ఇదిగో, మణికట్టు మీద మచ్చ ఇంకా పోలేదు, తడిమి చూడు.

పొద్దున్న నువ్వు పక్కింటి పిల్ల నడకని వెక్కిరించడం నేను చూశానే. రేపు వెళ్లి ఈ కథ ముందు దానికి చెప్పు. తరవాత నీ పిల్లలకి చెప్పు. మరిచిపోయావో, నేను ఊరుకోను.