ముఖతూనిక

వీధి మలుపులో ఆరంతస్తుల తెర మీద ఇరవయ్యెనిమిదేళ్ళ బెర్నిస్ కోల్‌మన్ ప్రియుడి కోసం ఏడుస్తోంది. కింద కాలిబాట మీద అరవయ్యేడేళ్ళ బెర్నిస్ కోల్‌మన్ సంచీ భుజాన వేసుకుని, న్యూయార్క్ మధ్యాహ్నపు జనంలో దారి చేసుకుంటూ పోతోంది. ఆ ముఖానికీ ఈ ముఖానికీ చుట్టరికం ఉందని ఒక్కరికీ తోచలేదు.

ముప్పైతొమ్మిదేళ్ళ కిందట, పేరున్న నటీమణులందరిలాగే, ఆమె తన రూపాన్నీ గొంతునీ పేరునీ 'నిత్యయౌవన' సంస్థకు రాసిచ్చింది. అప్పట్లో అదొక గౌరవం. ఒక్కరోజు కొలతలు తీసుకుని, తెరమీద అచ్చం ఆమెలాగే ఆడే బొమ్మని, ఛాయానటిని తయారుచేశారు. అది అలిసిపోదు, ముసలిదవదు, మాట మరిచిపోదు. ఇక అసలు మనిషితో పనేముంది? కొలిచిన ముఖం మళ్ళీ వేదికెక్కితే సరుకు చవకవుతుందని ప్రతి నాటకశాల వెనకగుమ్మంలోనూ ముఖతూనిక బిగించారు. ఛాయానటితో పోలిక నూటికి అరవై దాటితే తలుపు తెరుచుకోదు. ఏడాదికోసారి వచ్చి తూగడం, కడుపుమంటతో వెనక్కి పోవడం బెర్నిస్‌కు అలవాటైపోయింది. పోయినేడు అరవై రెండు వచ్చింది.

ఈసారి లోపల ఆమె కోసం ఒక పాత్ర కాచుకుని ఉంది. మనుషులే ఆడే చిన్న నాటకం, అందులో లాండ్రీ నడిపే ముసలామె. మాటలన్నీ ఇంటి దగ్గరే నేర్చుకుంది. మరో గంటలో తెర లేస్తుంది.

"ఇవాళ కూడా తూగుతారా అమ్మా?" అన్నాడు గుమ్మం కాసే ఓటిస్.

"తూగకపోతే తోచదు ఓటిస్."

పక్కనే నిలబడ్డ సూటు మనిషి ముందుకొచ్చాడు. నిత్యయౌవన సంస్థ ప్రతినిధి, పేరు క్రిస్పిన్.

"మేడమ్, మీకోసమే వచ్చాను. మీ ముసలితనం కూడా మాకివ్వండి. తమతోపాటు వయసు పెరగని ముఖాలంటే జనానికి మొహం మొత్తింది. మేం గీసిన ముడతలేమో అతకడం లేదు."

"యౌవనం ఒక్కటే సరుకన్నారు కదయ్యా ఆ రోజు?"

"పొరపాటే అనుకోండి. ఎలాగూ ఈ తలుపు మిమ్మల్ని రానివ్వదు కదా."

"ఆ మాట తలుపుని చెప్పనీ," అని బెర్నిస్ తూనిక అద్దం ముందు నిలబడింది. అంకెలు తిరిగి తిరిగి ఆగాయి.

నలభై ఒకటి. తలుపు తెరుచుకుంది.

"తూనిక చెడింది," అన్నాడు క్రిస్పిన్.

"చెడలేదు సార్," అన్నాడు ఓటిస్ నింపాదిగా. "కొత్తతరం కుర్రకారుకి నచ్చాలని పోయిన చలికాలం మీవాళ్ళే కదా ఆ బొమ్మకి ముక్కు సన్నం చేసి, దవడ నునుపు చేసింది?"

క్రిస్పిన్ మొహం పాలిపోయింది. మెరుగులు దిద్దీ దిద్దీ సంస్థ పప్పులో కాలేసింది. "కానీ మేడమ్, అది మీ ముఖమే!"

"కాదు బాబూ, అది మీది. నాది ఇదిగో, దీన్ని నేనెవరికీ రాసివ్వలేదు."

గోడమీది హాజరు కాగితంలో నటులు సంతకం చెయ్యాలి. అమ్మేసిన పేరు రాయడానికి లేదు. బెర్నిస్ కలం తీసుకుని, జీవితమంతా ఇస్త్రీ చేసిన తన తల్లి పేరు రాసింది: ఎఫీ ట్రెంట్.

రెండో అంకంలో ఆమె మాట మరిచిపోయింది. చేతిలో తడి దుప్పటితో అలాగే నిలబడింది. ఛాయానటులు మాట ఆపడం ఎన్నడూ చూడని జనం ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. మాట గుర్తొచ్చి ఆమె నోరు తెరిచేసరికి ముందువరుసలో ఎవరో వెక్కి ఏడ్చారు.

సంగతి తెలిసి మరుసటి బుధవారం వెనకగుమ్మం ముందు పదకొండుమంది ముసలి నటీమణులు బారుతీరారు. ఒకామె అలవాటు చొప్పున ముఖానికి పౌడరు దట్టంగా అద్దుకొచ్చింది. అరవై ఒకటి వచ్చింది. తలుపు కదలలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బెర్నిస్ తన చేతిరుమాలు తడిపి అందించింది.

"తుడిచెయ్యమ్మా. ఒక్క ముడత కూడా దాచకు. మళ్ళీ నిలబడు."