అరగని టైరు

కొండ దారి మూడో మలుపు కింద బండరాళ్ళ మధ్య జీపు బోర్లా పడి ఉంది. డ్రైవర్ సీట్లో మనిషి చనిపోయి ఉన్నాడు. వయసు ముప్ఫై దాటి ఉండదు. కుడికాలు ఇంకా బ్రేకు పెడల్ మీదే ఉంది.

ఆ కాలు చూడగానే ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. చివరిదాకా తొక్కాడు పాపం. బ్రేకు పడలేదు.

సమయం ఉదయం ఏడూ ఇరవై. వాహనాల తనిఖీ అధికారి ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటులో వచ్చాడు. మోకాలు నేలకి ఆనకుండా వంగి చూశాడు. ఎడమ ముందు చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ పారే రబ్బరు గొట్టం, చిరిగిన బ్రేకు హోస్ కోయించి, కవర్లో పెట్టి సీలు వేయించాడు. పది నిమిషాల్లో రిపోర్టు తయారు.

"పెద్ద టైరుకి తప్పు చక్రం వేశారు. టైరు లోపలివైపు రాసుకుని హోస్ చిరిగింది. పాత మోడల్ జీపు, బ్రేకు లైను ఒకటే. ఒక హోస్ పోతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. తప్పు చక్రం బిగించిన ఫిట్టర్‌ది."

"టైరు చూశారా?"

"చూడ్డానికేముంది మేడం?"

ఆమె పళ్ళు కొరుక్కుంది. కింద ఒక ప్రాణం పోయింది, ఈయనకి ప్యాంటు మాయకూడదు.

మధ్యాహ్నానికల్లా ఫిట్టర్ లాకప్‌లో ఉన్నాడు. ఊళ్ళో అందరూ అతన్ని మిరపకాయ అంటారు. ఫిర్యాదు ఇచ్చింది చనిపోయినవాడి అన్న. కొండల్లో జీపులు తోలేవాళ్ళ ఆఫ్‌రోడ్ క్లబ్బులో ఆయన్ని గురువుగారు అని పిలుస్తారు. ఎవరు ఏ చక్రం కొన్నా ఆయన లెక్కగట్టి ఔననాలి. తమ్ముడు మొదటిసారి ఆ మాట కాదన్నాడు, మిరపకాయ చెప్పిన చక్రాలు వేయించాడు. నెల తిరక్కుండా చచ్చిపోయాడు.

"నేను ముందే చెప్పాను మేడం!" గురువుగారు స్టేషన్ బల్ల మీద గుద్దాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "వీటి బ్యాక్‌స్పేసింగ్ ఎక్కువ, టైరు లోపలికొస్తుంది, హోస్ తింటుంది అని క్లబ్బంతా వినేలా చెప్పాను. వినలేదు. వాణ్ణి వదలకండి. నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాడు."

పై అధికారి ఫోన్ చేశాడు. "రిపోర్టుంది, ముద్దాయి ఉన్నాడు. రేపు కోర్టుకి పంపేయండి. ఇంకా ఆలోచించేదేముంది?"

"ఆలోచించడానికే కదండీ జీతం ఇస్తున్నారు," అని ఆమె ఫోన్ పెట్టేసింది. రేపు మధ్యాహ్నం కోర్టు. ఆ లోపల తేలకపోతే మిరపకాయకి జైలే గతి.

అతను మాత్రం బతిమాలే రకం కాదు.

"ఏ తలమాసినవాడు రాశాడు ఆ రిపోర్టు?" ఊచలు పట్టుకుని ఊపేస్తున్నాడు.

"అరవకు. అడిగినదానికి చెప్పు. బ్యాక్‌స్పేసింగ్ అంటే ఏంటి?"

"చక్రంలో బోల్టులు బిగించే చోటు నుంచి లోపలి అంచు దాకా ఉండే కొలత. అది ఎక్కువైతే చక్రం బండి లోపలికి పోతుంది. తక్కువైతే బయటికొస్తుంది. టైరు లావైనప్పుడు తక్కువున్న చక్రం ఎంచుకోవాలి. మరీ తక్కువైతే బేరింగుల మీద బరువు పడుతుంది. అన్నీ చూసుకునే వేశా."

"ఎంత?"

"కంపెనీ చక్రానికి అయిదంగుళాలు. నేను వేసింది మూడున్నర."

"గురువుగారు ఎక్కువుందంటున్నారే?"

"ఆయన తమ్ముడు పోయాడు, ఏమీ అనకూడదు. లేకపోతే అందును."

"నిన్న జీపు ఉండే షెడ్డుకి వెళ్ళావా?"

"సాయంత్రం వెళ్ళా. నట్లు మళ్ళీ బిగించాలి, కొత్త చక్రాలు కదా. బిగించి వచ్చేశా. నన్ను ఉరి తీసేయండి, అందుకేగా ఇదంతా!"

"నీ నోరే నీకు శత్రువు," అంది ఆమె. కానీ అతని కోపంలో భయం లేదు. అది ఆమె గమనించింది.

చనిపోయినవాడి ఇల్లు కొండ మీద, షెడ్డు పైభాగంలో. అన్న ఇల్లు కింద, కొండ దిగాక. ఇద్దరి బళ్ళూ ఉండేది ఈ షెడ్డులోనే. భార్య మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి, ముఖం బిగుసుకుపోయి ఉంది.

"నిన్న సాయంత్రం షెడ్డులో ఎవరున్నారమ్మా?"

"ఫిట్టర్ వచ్చి వెళ్ళాడు. తర్వాత బావగారు వచ్చారు. ఆయనకీ బావగారికీ మళ్ళీ గొడవ. ఆయన విసుక్కుని పైకొచ్చేశాడు. బావగారు తన బండి దగ్గర కాసేపుండి వెళ్ళారు."

"పొద్దున మీ ఆయన ఎక్కడికి బయల్దేరాడు?"

ఆమె తల తిప్పుకుంది. "తెలీదు."

"అబద్ధమాడుతున్నావు."

"అవును, ఆడుతున్నా! ఏం చేస్తారు? నన్నూ లోపలేస్తారా? వేయండి!" అని లేచి ధడేలున తలుపేసుకుంది.

ఇన్‌స్పెక్టర్ తలుపు వంక చూస్తూ నిలబడిపోయింది. దాస్తోంది. ఎందుకు?

స్టేషన్ ఆవరణలోకి జీపును క్రేనుతో తెచ్చి నిలబెట్టారు. పైకప్పు నుజ్జయింది కానీ ముందు చక్రాలకి పెద్దగా దెబ్బ తగల్లేదు. ఆమె నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరింది.

హెడ్ కానిస్టేబుల్ గాభరాపడ్డాడు. "మేడం, యూనిఫాం!"

"ఉతుక్కుంటే పోతుంది. టార్చి ఇవ్వండి."

ఎడమ చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, టైరు లోపలి గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఒక చుట్టు మొత్తం తిప్పింది. చేతికి గరగరగా ఏదో తగిలింది. టార్చి వేసి చూసింది. తర్వాత సీలు విప్పించి, హోస్‌ని భూతద్దం కింద పెట్టింది.

బయటికొచ్చేసరికి ఆమె ముఖం కందగడ్డలా ఉంది. హెడ్ కానిస్టేబుల్ ఏమీ అడగలేదు. ఆయన సర్వీసులో నేర్చుకున్న తెలివి అదే.

"హోస్‌కి మళ్ళీ సీలెయ్యండి. రేపు పొద్దున ముగ్గురినీ ఇక్కడికి పిలవండి. ఒక ఇనుప బద్ద, ఒక టేపు తెప్పించండి."

మర్నాడు పొద్దున ముగ్గురూ వచ్చారు. మిరపకాయ బేడీలతో, చనిపోయినవాడి భార్య గోడ వారగా, గురువుగారు అందరికంటే ముందు. జీపు జాకీ మీద ఉంది. ఎడమ చక్రం ఊడదీసి, టైరుతో సహా, లోపలివైపు పైకి ఉండేలా నేల మీద పడేశారు.

"గురువుగారూ, దీని బ్యాక్‌స్పేసింగ్ ఎంతో మీరే కొలిచి చూపించండి. కోర్టులో నేను చెప్పాలి కదా."

ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. దుఃఖంలో కూడా. పాఠం చెప్పే అవకాశం వస్తే ఆ మనిషికి ప్రాణం లేచొస్తుంది. ఇనుప బద్దను టైరు మీద అడ్డంగా పెట్టాడు. దాని నుంచి బోల్టుల చోటు దాకా టేపు దించాడు.

"అయిదుంపావు. చూశారా? దీనికి తోడు టైరు పొట్ట ఇంకో అంగుళం ముప్పావు చక్రం అంచు దాటి లోపలికొస్తుంది. మొత్తం ఏడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే హోస్‌కి తగలక చస్తుందా?"

"ఎక్కడ తగులుతుంది? కుడివైపు హోస్ బాగానే ఉంది. దాని మీద చూపించండి."

ఆయన తడుముకోలేదు. పై క్లిప్పుకి రెండు వేళ్ళ కింద వేలు పెట్టాడు. "ఇక్కడ."

ఇన్‌స్పెక్టర్ అక్కడ సుద్దతో గీత గీసింది. "ఇప్పుడు నువ్వు కొలువు," అంది మిరపకాయతో.

అతను బద్ద అలాగే పెట్టాడు. అయిదుంపావే వచ్చింది. కానీ టేపు అక్కడితో ఆపలేదు. బద్ద నుంచి ఇనుప చక్రం అంచు దాకా మళ్ళీ కొలిచాడు. అంగుళం ముప్పావు. "ఇది టైరు పొట్ట. తీసేస్తే మూడున్నర. టైరు తొడిగిన చక్రాన్ని ఇలాగే కొలవాలి." గురువుగారి వైపు తిరిగాడు. "ఏం పెద్దమనిషివయ్యా నువ్వు? పొట్టని రెండుసార్లు కలిపావు!"

"నోర్ముయ్!" గురువుగారు కేక పెట్టాడు. "పదేళ్ళుగా ఇలాగే కొలుస్తున్నా!"

"స్టీరింగ్ తిప్పండి," అంది ఇన్‌స్పెక్టర్.

హెడ్ కానిస్టేబుల్ స్టీరింగును చివరిదాకా తిప్పాడు. కుడి చక్రం లోపలికి మళ్ళింది. జాకీతో ఇరుసును పైకి నొక్కారు. టైరుకీ హోస్‌కీ మధ్య ఆమె బొటనవేలు దూర్చింది. వేలు సులువుగా దూరింది.

"తగలదు. ఎడమవైపు కూడా తగల్లేదు. అదిగో, ఆ టైరు లోపలి గోడ చూడండి. కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు. చుట్టూ ఒక్కటి కూడా అరగలేదు. హోస్‌ని తెగేదాకా రాసిన టైరుకి వెంట్రుకలు మిగులుతాయా? తెల్ల ప్యాంటు దొరగారు మోకాలు నేలకి ఆనించి ఉంటే నిన్ననే కనబడేవి."

ఆమె కవరు సీలు విప్పి, చిరిగిన హోస్ తీసింది. కుడి హోస్ పక్కన పెట్టింది. చిరుగు సరిగ్గా సుద్ద గీత మీదికి వచ్చింది.

"దీంట్లో మెరిసే నలుసులు ఇరుక్కున్నాయి. గరుకు కాయితం నలుసులు. ఎవరో చేత్తో గీకారు, టైరు రాసినట్టు కనబడాలని. ఎక్కడ గీకారు? టైరు ఏడంగుళాలు లోపలికొస్తే తగిలే చోట. ఆ ఏడు నిజం కాదు. తప్పు లెక్క. మిరపకాయ గీకాలనుకుంటే అక్కడ గీకడు, టైరు అక్కడిదాకా రాదని వాడికి తెలుసు. ఈ ఊళ్ళో ఆ తప్పు లెక్క ఒక్కరిదే."

గురువుగారు సుద్ద గీత వైపే చూస్తున్నాడు.

"చెప్పండి!" ఆమె గొంతు ఆవరణ అంతా మోగింది. "తోడబుట్టినవాడి బ్రేకు గీకడానికి చెయ్యెలా వచ్చింది?"

"బ్రేకు ఆయిల్ కారుతుందనుకున్నా," అన్నాడాయన. "కొంచెం. చెమ్మలా. పెడల్ మెత్తబడుతుంది, వాడికి అనుమానం వస్తుంది, కిందికి వంగి చూస్తాడు. ఎలాగూ కొన్నాళ్ళకి తగిలేదే కదా, నేను కొంచెం ముందు చేశానంతే. 'అన్నయ్యా, నువ్వు చెప్పిందే నిజం' అంటూ వస్తాడనుకున్నా. తెగుతుందనుకోలేదు. నా బిడ్డలా పెంచానండీ వాణ్ణి!"

"తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాళ్ళని చూశాను. నాలుగో కాలు నరికి చూపించినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అంది ఇన్‌స్పెక్టర్. "పైగా ఇంకొకణ్ణి జైలుకి పంపాలని బల్ల గుద్దారు. అదీ తెలీక చేసిందేనా?"

హెడ్ కానిస్టేబుల్ మిరపకాయ బేడీలు విప్పి గురువుగారి చేతులకి వేశాడు. మిరపకాయ మణికట్టు రుద్దుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచి, గోడ వారగా ఉన్న ఆవిడని చూసి మూసేశాడు.

ఆవిడ నెమ్మదిగా ముందుకొచ్చింది.

"నిన్న మీకు అబద్ధం చెప్పాను మేడం. ఆయన ఎక్కడికి బయల్దేరాడో నాకు తెలుసు. నేనే పంపాను. పంపి చంపుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు." బావగారి ఎదురుగా ఆగింది. "మీ ఇంటికే వస్తున్నాడు. చక్రాల కోసం అన్నయ్యతో మాటలు మానుకుంటానా, ఇవి తీసేసి ఆయన చెప్పినవే వేయించుకుంటా, తప్పు నాదేనని చెప్తానన్నాడు."

గురువుగారు నేల మీద కూలబడ్డాడు.

"వాడు... అలా అన్నాడా, అమ్మాయ్?"

"అన్నాడు బావగారూ. మీ మాటే నెగ్గింది."