మణికట్టు చెప్పిన టైము

ఉదయం తొమ్మిదింటికి గూఢచారి శాఖ ఆఫీసు లిఫ్టులో కోడ్ ఆఫీసర్‌ని ఎవరో కాల్చి చంపారు. అతని జేబులో ఉండాల్సిన మైక్రోఫిల్మ్ లేదు. లిఫ్టు నిండా సెంటు వాసన మాత్రం ఉంది.

"నాలుగింటికి ఫిల్మ్ విదేశీ ముఠా చేతికి పోతుంది," అన్నాడు చీఫ్ తన ఏజెంటుతో. "అందులో మన ఏజెంట్లు నలభైమంది పేర్లున్నాయి. అతను లిఫ్టు ఎక్కే టైము తెలిసింది ముగ్గురికే. నాకు, నీకు, ఆవిడకి."

ఆవిడంటే మేడమ్. ముఠాలో ఉంటూ మనకు సమాచారం అందించే డబుల్ ఏజెంట్. ఈ శాఖలోకి రాకముందు పదేళ్లు సెంట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఈ ఏజెంటుని అందరూ 'ముక్కు' అంటారు. ఆరేళ్లుగా చాటుమాటుగా 'ఏమండీ' అని పిలిచేది ఆమె ఒక్కతే. లిఫ్టులోని సెంటు అతను ఆమెకు కొనిచ్చిన రకమే. ఊళ్లో ఇంకో వందమంది వాడుతుంటారని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

నాలుగింటికి పది నిమిషాల ముందు, మనవాళ్లని వరండాలో కాపు పెట్టి, ఎలక్ట్రీషియన్ వేషంలో ఆమె హోటల్ గది తలుపు తట్టాడు.

"పొద్దుటినుంచీ ఒకటే నిద్రండీ. ఇప్పుడే లేచి తయారై, మీ సెంటు కొట్టుకున్నా," అంటూ చెయ్యి చాపిందామె.

మణికట్టు వాసన చూశాడు.

ఆ సెంటు మొదటి పావుగంట నిమ్మ వాసన వేస్తుంది. ఒంటి వేడికి అది ఎగిరిపోయాక మల్లె పైకొచ్చి మూడు నాలుగు గంటలు ఉంటుంది. చివరికి చర్మాన్ని పట్టుకుని మిగిలేది గంధం. ఆమె చేతిమీద గంధం తప్ప ఇంకేమీ లేదు.

"ఇది పొద్దున కొట్టుకున్నది."

"ఒక్కొక్కరి ఒంటిమీద ఒక్కోలా ఉంటుందని మీరేగా చెప్పారు?"

"నీ ఒంటిమీద ఎలా ఉంటుందో ఆరేళ్లుగా చూస్తున్నా. పోనీ, మళ్లీ కొట్టి చూపించు."

ఆమె బల్లమీది సీసా చేతిలోకి తీసుకుంది గాని మీట నొక్కలేదు. పొద్దున్నే సీసా ఖాళీ చేసి అందులో ఏం దాచిందో అతనికి అర్థమైంది.

బయటినుంచి గొంతు వినిపించింది. "లాండ్రీ మేడమ్. తెల్లబట్టలు ఉన్నాయా?"

"ఒక్కటే ఉంది." ఆమె చటుక్కున తలుపు తీసి సీసా అందించబోయింది. అవతలి వేళ్లు సీసాకు తగిలిన క్షణంలో ముక్కు ఆమె చేతిని వెనక్కి లాగాడు. ఆమె అతని మీద పడింది. సీసా నేలకు తగిలి పగిలింది. చుక్క సెంటు లేదు. ఫిల్మ్ చుట్ట దొర్లుకుంటూ బయటపడింది. వరండాలో కాపు కాసిన మనవాళ్లు లాండ్రీవాణ్ణి పడగొట్టారు.

బేడీలు వేస్తూ అడిగాడు. "ఆ నలభైమందిలో నా పేరు కూడా ఉంది. తెలుసా?"

"తెలుసండీ," అంది.

సాయంత్రం రిపోర్టు తీసుకుంటూ చీఫ్ ముక్కు చిట్లించాడు. "నీ చొక్కా అంతా ఆవిడ వాసనే."

"బట్టను పట్టుకుంటే ఉతికినా తొందరగా వదలదు సార్. ఎలాగూ వేషం చొక్కాయే కదా, స్టోర్స్‌లో తిరిగిచ్చేస్తాను."